పన్నెండో నిమిషంలో ఆగే బండి

నీళ్ల కేంద్రం ఆవరణ,
క్వార్టరు నంబరు మూడు,
జూన్ 3

మరిదికి వదిన ఆశీస్సులు.

చెబుతున్నది మీ అన్నయ్య, రాస్తున్నది ఎప్పటిలాగే నేను. ఆయనకి అక్షరాలు రాకపోయినా ఉత్తరం చెప్పేటప్పుడు మాత్రం ఇంజినీరు గారిలా చేతులు వెనక్కి కట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతారు. ఇక ఆయన మాటల్లోనే విను.

"ఒరేయ్ తమ్ముడూ, గున్నకి జబ్బు చేసిందిరా. పొద్దున స్టార్ట్ చేస్తే సుబ్బరంగా పోతుంది. సరిగ్గా పన్నెండు నిమిషాలకి దగ్గినట్టు దగ్గి, ఊపిరి బిగబట్టి ఆగిపోతుంది. అరగంట నీడన పెడితే మళ్లీ లేస్తుంది. మళ్లీ అదే తంతు. ప్లగ్గు మార్చాను, నిప్పు బాగానే వస్తోంది. పెట్రోలు అందట్లేదని నా అనుమానం. ట్యాంకు మాత్రం నిండుగానే ఉంటోంది, మీ వదినే రోజూ అంచుదాకా పోస్తుంది. ఏం చెయ్యమంటావో వరసగా రాయి."

గున్న అంటే నీకు గుర్తుందిగా, ఎక్కి కూర్చుని గడ్డి కోసే ఎర్ర బండి. ఇక్కడ పై మైదానం, దాని కింద ఏటవాలు కట్ట, కట్ట కింద మంచినీళ్ల చెరువు. నాలుగు వారాలుగా మీ అన్నయ్య పై మైదానం మాత్రమే కోస్తున్నారు. కట్ట మీద బండి ఆగితే బ్రేకు పట్టదేమోనని అటు వైపు తీసుకెళ్లడం లేదు. ఆగస్టులో పెద్దాఫీసు వాళ్లు తనిఖీకి వస్తారట. అప్పటికి కట్ట మీద గడ్డి ఇలాగే ఉంటే తన పని ఇంకొకరికి ఇచ్చేస్తారని ఆయన బెంగ.

మీ ఆవిడని అడిగానని చెప్పు.

మీ వదిన

*

వర్క్‌షాపు,
జూన్ 10

వదినకు నమస్కారాలు. అన్నయ్యకు చదివి వినిపించండి.

అన్నయ్యా, ముందు ఒక్క మాట. దేన్నీ విప్పకు, దేన్నీ కొనకు. ముందు పెట్రోలు ట్యాంకు మూత చూడు. మూత మధ్యలో సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి వెళ్లడానికి అది. ఆ రంధ్రం పూడిపోతే లోపల గాలి చాలక పెట్రోలు కిందికి దిగదు. సీసా మూతి నోట్లో బిగించుకుని నీళ్లు పీల్చి చూడు, తెలుస్తుంది. బండి ఆగిన మరుక్షణం మూత వదులు చెయ్యి. బుస్సుమని శబ్దం వచ్చి, బండి వెంటనే స్టార్టయితే దొంగ దొరికినట్టే.

అది కాకపోతే అప్పుడు ఫిల్టరు. ట్యాంకు నుంచి వచ్చే సన్న రబ్బరు పైపు మధ్యలో గాజులా కనబడేది. లోపల నల్లగా ఉంటే మార్చెయ్యి. తర్వాత ఆ పైపే, లోపల పొర ఊడి మడత పడుతుంది. ఆ తర్వాత పంపు. కార్బురేటర్ జోలికి ఆఖర్న వెళ్లాలి, అది విప్పడం తేలిక, బిగించడం

ఈ పేజీ చివరిదాకా ఆ గీత ఏమిటని అనుకోకండి. పెన్ను జారినట్టుంది. పాత పెన్ను, నా లాగే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఎడమ అరచెయ్యి సైలెన్సరు మీద కాలింది. ఎప్పుడు ఆనించానో నాకే తెలియదు, చర్మం వాసన వచ్చాక చూసుకున్నాను. బైకు తాళం మళ్లీ పోయింది, నడిచి పనికి పోతున్నాను. ఇంట్లో వస్తువులకి కాళ్లొచ్చాయని మా ఆవిడతో అంటే నవ్వి ఊరుకుంది.

మీ మరిది

*

క్వార్టరు నంబరు మూడు,
జూన్ 20

మరిదికి,

నువ్వు చెప్పినట్టే చేశారు మీ అన్నయ్య. ఫిల్టరు మార్చారు, పాతదాన్ని కోసి చూస్తే లోపల ఇంత మడ్డి. ఆ రోజు ఆయన సంబరం చూడాలి. మర్నాడు పన్నెండో నిమిషానికి సంబరం ఆగిపోయింది. రబ్బరు పైపు మార్చారు. పంపు విప్పి, పొర మార్చి, మళ్లీ బిగించారు. బిగించాక ఒక మర మిగిలిపోయింది, అది ఎక్కడిదో ఇంకా వెతుకుతున్నారు.

బండి మాత్రం ఆగుతూనే ఉంది. ఇప్పుడు కార్బురేటర్ విప్పుతానంటున్నారు.

ఇంకో సంగతి రాయమంటున్నారు. మొన్న నాకు నడుం నొప్పిగా ఉండి ట్యాంకు సగమే నింపాను. ఆ రోజు గున్న నలభై నిమిషాలు ఆగకుండా తిరిగిందట. "నిండు కడుపుతో పన్నెండు నిమిషాలు, సగం కడుపుతో నలభై! దీనికి అజీర్తి చేసిందేమో తమ్ముణ్ణి అడుగు" అంటున్నారు. నాకైతే ఇందులో తలా తోకా తెలియలేదు, ఆయన చెప్పమన్నారని రాశాను.

చేతికి మందు రాయించుకో. నీ ఉత్తరాన్ని అంతకంటే జాగ్రత్తగా రాయి, గీతలు కొట్టకుండా.

మీ వదిన

*

వర్క్‌షాపు,
జూన్ 28

వదినా,

మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. ఫిల్టరు, పైపు, పంపు అన్నీ అయ్యాయి. మొట్టమొదట చూడమన్న మూత గురించి ఒక్క ముక్క లేదు! నేను ఒక పేరా మొత్తం దాని గురించే రాశాను. అన్నయ్య మరిచిపోయే మనిషి కాదు. వదినా, మీరు ఉత్తరం మొత్తం చదివారా?

సగం ట్యాంకు సంగతి చూశాక నాకు ఇక అనుమానమే లేదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి గుప్పెడే ఉంటుంది. పెట్రోలు కొంచెం దిగేసరికి ఆ గాలి చాలదు, పట్టేసుకుంటుంది. సగం ఉంటే గాలి బోలెడు, చాలాసేపు లాగుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు మూతే. కార్బురేటర్ ముట్టుకోవద్దని చెప్పండి. ముట్టుకోవద్దని చెప్పండి. ముట్టుకోవద్దని

ఇదేమిటో, ఒకే మాట మూడుసార్లు రాసి ఉంది. రాసినట్టు నాకు గుర్తు లేదు. మళ్లీ గీత ఒకటి కిందికి జారింది. పనిలో ఉండగా రాస్తే ఇంతే, ధ్యాస ఉండదు.

నాకు కోపం లేదు వదినా, ఆశ్చర్యం. మీరు చదువుకున్నవాళ్లు. మీ పెళ్లయిన ఏడాది నాకు లెక్కలు చెప్పింది మీరే. అంత పెద్ద పేరా మీ కంటికి ఎలా ఆనలేదు? వారంలో జవాబు రాకపోతే నా పద్ధతిలో నేను పోతాను.

బైకుకి కొత్త తాళం చేయించాను. అదీ పోయింది.

మీ మరిది

*

క్వార్టరు నంబరు మూడు,
జూలై 6

మరిదీ,

ఈ ఉత్తరం నీకొక్కడికే. మీ అన్నయ్య పనిలో ఉన్నారు. గున్న చప్పుడు వినబడుతోంది, అది ఆగేలోపు రాసి పోస్టు చెయ్యాలి.

మూత రంధ్రంలో సబ్బు పెట్టింది నేనే.

నువ్వు తిట్టే ముందు విను. ఏప్రిల్లో ఒక రోజు వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన కట్ట మీద అడ్డంగా కోసుకుంటూ పోతున్నారు. చివర మలుపు తిప్పాలి. తిప్పలేదు. బండి నేరుగా నీళ్లకేసి దిగుతోంది. ఆయన సీట్లోనే ఉన్నారు, చేతులు చక్రం మీదే ఉన్నాయి, తల మాత్రం ఎడమ భుజం మీదికి వాలింది. నోరు ఏదో నములుతున్నట్టు కదులుతోంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే ఉండిపోయాను మరిదీ. నీళ్లకి రెండు మూరల దూరంలో తల ఎత్తి, ఏమీ జరగనట్టు బండి తిప్పుకుని పైకి వచ్చేశారు.

పరుగెత్తుకెళ్లి ఏమైందని అడిగితే, "ఏమవ్వడమేంటి? గడ్డి కోస్తున్నాగా. నీకేమైనా పిచ్చా?" అన్నారు. అబద్ధం చెప్పే మొహం కాదది. ఆయనకి నిజంగానే తెలియదు. పది రోజుల తర్వాత మళ్లీ అలాగే అయింది. డాక్టరు దగ్గరికి పోదామంటే నవ్వారు. ఇంజినీరు గారికి చెబుదామంటే, చెప్పిన రోజే ఉద్యోగం పోతుంది, ఈ క్వార్టరూ పోతుంది. ఆ బండి తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు.

పోయినసారి నువ్వు వచ్చినప్పుడు గున్న మూతకి మట్టి పట్టి ఆగిపోతే, ఆయన బజారుకి పోయిన వేళ నువ్వే బాగుచేశావు. అప్పుడే రంధ్రం సంగతి చెప్పావు. ట్యాంకు కారితే సబ్బు రుద్దుతారు, పెట్రోలుకి సబ్బు కరగదని కూడా నువ్వే చెప్పావు. రెండూ కలుపుకున్నాను. నేను అనుకున్నట్టే, మధ్యలో ఆగిపోతుందన్న భయంతో ఆయన కట్ట వైపు పోవడం మానేశారు.

నీ ఉత్తరంలో మూత గురించి రాసిందంతా వదిలేసి మిగతాది చదివాను. మూత తీస్తే బుస్సుమంటోందని ఆయన రాయమంటే రాయలేదు. ఇరవై ఏళ్లుగా ఆయనకి ఉత్తరాలు చదివి పెడుతున్నాను, ఎప్పుడూ ఒక్క అక్షరం దాచలేదు. ఇప్పుడు ఆ మనిషి నా మొహం చూస్తూ బుద్ధిగా వింటుంటే నేను కాగితం మీంచి కళ్లు ఎత్తలేకపోతున్నాను.

ఏం చెయ్యాలో చెప్పు. అన్నీ తెలిసినట్టు ఆయనకి మాత్రం రాయకు. గున్న ఆగింది. ఉంటాను.

మీ వదిన

*

వర్క్‌షాపు,
జూలై 7

అన్నయ్యా,

ఈ ఉత్తరం, ఈ పార్శిలు మీ ఆఫీసు స్టోరు గుమాస్తా గారి పేరు మీద పంపుతున్నాను. ఆయనే నీకు చదివి వినిపిస్తారు. వదినకి ఈమధ్య కళ్లజోడు మార్చాల్సిన అవసరం వచ్చినట్టుంది, ఏమీ అనకు.

పార్శిల్లో కొత్త మూత ఉంది. నోటితో ఊదు, గాలి ఇటు నుంచి అటు పోతుంది. ఇప్పుడు నీ పాత మూత తీసి ఊదు. పోదు. వెలుతురుకి పెట్టి రంధ్రంలో పిన్నీసుతో గుచ్చు, ఏం బయటపడుతుందో నాకు రాయి. కొత్త మూత బిగించి, ట్యాంకు నింపి, కట్ట మీదికి పో. సాయంత్రం లోపు ఆగితే నన్ను మెకానిక్ అనకు.

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు,
జూలై 11

వదినా,

మీ ఉత్తరం ఇవాళ పదకొండింటికి వచ్చింది. నా పార్శిలు మీకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదవండి.

చదవగానే పక్క కొట్టుకి పరుగెత్తి మీ ఆఫీసుకి ఫోను చేశాను. గుమాస్తా గారే ఎత్తారు. "మీరేనా! దండం పెట్టాలండీ మీకు. పొద్దున్నే బిగించాం. కోత మొదలెట్టి ఇరవై ఐదు నిమిషాలైంది, ఎక్కడా ఆగలేదు. కట్ట మీద కోస్తున్నాడు, వినండి వినండి" అని ఫోను కిటికీ దగ్గర పెట్టారు. నాకు గున్న చప్పుడు వినబడింది. అంత చక్కగా తిరుగుతున్న ఇంజను చప్పుడు నేను ఈమధ్య వినలేదు. ఆపండి, బండి ఆపమనండి అని అరిచాను. "ఏంటండీ? చప్పుడులో వినబట్టంలేదు" అన్నారాయన నవ్వుతూ. మళ్లీ అరిచాను. కొట్టువాడు, రోడ్డు మీద వాళ్లు నన్నే చూస్తున్నారు.

అంతలో ఆ చప్పుడు ఆగిపోయింది. నెమ్మదించి ఆగలేదు వదినా, ఒక్కసారిగా. గుమాస్తా గారు "అయ్యో" అన్నారు. ఫోను కింద పడిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఎంతసేపు పట్టుకున్నా ఎవరూ పలకలేదు.

నేనే పంపాను. నా తెలివి చూపించుకోవడానికి మిమ్మల్ని దాటేసి మరీ పంపాను. ఏమైందో రాయండి. ఏదైనా సరే రాయండి, ఒక్క వాక్యం కూడా వదిలెయ్యకండి.

మీ మరిది

*

ఆసుపత్రి, మగవాళ్ల వార్డు,
జూలై 14

మరిదీ,

నా టెలిగ్రాం అందే ఉంటుంది. బతికే ఉన్నారు. అది మళ్లీ రాస్తున్నాను, బతికే ఉన్నారు. కాలర్ ఎముక విరిగింది, నీళ్లు మింగారు. గున్న చెరువు అడుగున ఉంది.

ఆ పొద్దున నాకేమీ తెలియదు. ఆయన స్టోరు నుంచి నేరుగా ఇంటికి వచ్చి, పాత మూత నా ముక్కు దగ్గర పెట్టారు. పిన్నీసుతో తీసిన సబ్బు ముక్క ఇంకా అంచుకి అంటుకుని ఉంది. "పెట్రోలు కంపులో కూడా మల్లెపూల వాసన వస్తోంది. మనింట్లో ఈ సబ్బు రాసుకునేది నువ్వొక్కదానివేగా?" అన్నారు. "తనిఖీ నాటికి నా పని పోగొట్టాలనా? నీకు నా మీద ఇంత కక్ష ఉందని తెలీదే" అన్నారు. చెప్పబోయాను, వినలేదు. కట్ట మీదికి పోవద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని వెళ్లిపోయారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

అందుకే నేను కట్ట మీదే నిలబడ్డాను. ఆయన కోసుకుంటూ నా ముందు నుంచే పోతున్నారు, నా మొహం చూడకుండా. ఏడోసారి పోతున్నప్పుడు చూశారు. కానీ అది నన్ను చూడటం కాదు. కళ్లు తెరిచే ఉన్నాయి, అందులో మనిషి లేడు. నా పక్క నుంచే బండి కిందికి దిగిపోయింది. పంపుల దగ్గర పనిచేసే ఇద్దరూ, గుమాస్తా గారూ, నేనూ నీళ్లలోకి దూకాం. ఛాతీ లోతే, అదే మా అదృష్టం. చేతులు చక్రం మీద నుంచి ఊడదీయడానికి ముగ్గురు పట్టారు.

ఇది కింద పడి కొట్టుకోని రకం మూర్ఛ అట. కొన్ని క్షణాలు మనిషి లేకుండా పోతాడు, వచ్చాక పోయినట్టు తెలియదు. మాత్రలతో అదుపులో ఉంటుందన్నారు. బండ్లు నడపకూడదు. ఇంజినీరు గారు వచ్చి చూసి, మొక్కల షెడ్డులో పని ఇస్తానన్నారు, క్వార్టరు ఉంటుంది. ముందే వెళ్లి చెప్పి ఉంటే ఈ మాట ముందే అనేవారేమో. నీ తప్పు నువ్వు తలుచుకుంటున్నావు, నా తప్పు నేను తలుచుకుంటున్నాను. ఇక ఆ సంగతి వదిలెయ్యి. ఇప్పుడు అసలు విషయం.

నిన్న మీ అన్నయ్య నీ ఉత్తరాలన్నీ తెప్పించారు. "ఈసారి అన్నీ చదువు. తుమ్మినా దగ్గినా చదువు" అన్నారు. మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను. ఆయన ఉత్తరం కేసి వంగి చూస్తున్నారు, చదువు వచ్చినవాళ్లలా. ఉన్నట్టుండి కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడేం రాశాడు?" అని అడిగారు. "ఏమీ లేదు, పెన్ను జారింది" అన్నాను. ఇంకో కాగితం తీసి, "ఇక్కడ?" అన్నారు. నాకు అక్షరాలే కనబడుతున్నాయి. ఆయనకి అక్షరాలు రావు కాబట్టి ఆ గీతలు కనబడ్డాయి.

మామయ్య గారి గురించి అప్పుడు చెప్పారు. ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని చొక్కా కుడుతూ కుడుతూ మాట ఆపేసేవారట. ఆలోచనలో పడ్డారని మీరందరూ ఊరుకునేవాళ్లట. ఆ చొక్కాల మీద ఎక్కడో ఒకచోట కుట్టు దారి తప్పి పక్కకి పోయి ఉండేదట. "నాన్న కుట్టు కూడా సరిగ్గా ఇలాగే పోయేది" అని మీ అన్నయ్య నీ గీత మీద వేలు పోనిస్తూ అన్నారు.

డాక్టరు మొదటి రోజే అడిగారు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. లేదన్నాం.

ఎప్పుడు ఆనించావో తెలియని చెయ్యి. మూడుసార్లు రాసి గుర్తులేని మాట. నీ ఉత్తరాలు వెనక్కి పంపుతున్నాను, గీతల పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టాను. నువ్వే చూసుకో. ఈ ఉత్తరం అందిన దగ్గర్నుంచి ఏ బండీ ఎక్కకు, రిపేరుకి వచ్చిన వాటిని రోడ్డు మీద నడిపి చూడకు. కవర్లో చిన్న సబ్బు ముక్క కూడా పెట్టాను. నీ బైకు మూతకీ రంధ్రం ఉంటుందిగా.

మీ వదిన

*

ఇంటి నుంచి,
జూలై 19

వదినా,

మీ ఉత్తరం చదివి నవ్వాను. నిజంగానే నవ్వాను. సబ్బు ముక్క చేతిలో పట్టుకుని, మా ఆవిడని పిలిచి, "చూడు, మా వదినకి అనుమానం జబ్బు పట్టుకుంది. అన్నయ్యకి అయిందని ఇప్పుడు నాకూ అంటగడుతోంది" అని ఉత్తరం ఆమె చేతికిచ్చాను.

ఆమె నవ్వలేదు. రెండు పేజీలు నిలబడే చదివింది. చదవడం అయ్యాక గోడకి ఆనుకుంది.

"ఏంటి?" అన్నాను.

"దీనికి పేరుందా?" అంది. "నేను ఇది నాకే కనబడుతోందనుకున్నాను. నీకు చెబితే నన్నే పిచ్చిదాన్ని అంటావని ఊరుకున్నాను."

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఆమె లోపలి గదిలోకి వెళ్లి నాన్న కుట్టుమిషను సొరుగు లాగి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో దారపు ఉండల కింద బైకు తాళాలు ఉన్నాయి. మొదటిది, నేను చేయించినవి, అన్నీ కలిపి నాలుగు.

రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నడిచే వెళ్తాం.

మీ మరిది

కింద జారిన గీత కూడా పంపుతున్నాను, అన్నయ్యకి చూపించండి. ఇది రాస్తుండగా మా ఆవిడ పక్కనే కూర్చుని చూసింది. పద్దెనిమిది సెకన్లు నేను లేను అంటోంది.